అనంతపురము మెట్టసీమలో కంప్యూటరు ప్రాసెసరు, శీతలీకరణ భాగముల శుద్ధి

కంప్యూటరులో గణనకార్యమంతయు నిర్వహించు ప్రాసెసరు మీదను, అందు పుట్టిన వేడిని గ్రహించి వెలుపలి గాలిలోనికి పంపు హీట్‌సింకు, ఫ్యాను, వేడిగొట్టములు అను భాగముల మీదను చేరిన ధూళిని తొలగించి, ప్రాసెసరునకును హీట్‌సింకునకును నడుమ ఎండిపోయిన థర్మల్ పేస్టును అవసరమైనచో మార్చి, విద్యుత్తువలన యంత్రమునకు గాని మనుష్యునకు గాని హాని కలుగనీయక వానిని తిరిగి పూర్వస్థితికి తెచ్చుటయే ఈ వ్యాసమునకు విషయము. ఈ పని ప్రపంచమున కంప్యూటరున్న ప్రతిచోట అవసరమే అయినను, వేడియు, ధూళియు, పొడిగాలియు మూడును ఒక్కచోట కూడియున్న అనంతపురము మెట్టసీమలో దీనికి విశేష ప్రాధాన్యము కలదు. ఎప్పుడు శుద్ధి చేయవలెను, ఎట్లు చేయవలెను అను రెండు ప్రశ్నలకును ఇచ్చట ఋతువులే సగము సమాధానము చెప్పును.

ప్రదేశ స్వభావము

అనంతపురము మెట్టసీమ పడమటి కనుమల వెనుకనున్న వర్షచ్ఛాయా ప్రదేశము. నైరృతి ఋతుపవనము ఆ కనుమల ఆవలనే తన నీటిలో అధికభాగమును విడిచి వచ్చుటచేతను, ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమును దాటి ఇంతదూరము చేరునప్పటికి బలహీనమగుటచేతను, ఇచ్చట సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినను, నేలయు గాలియు విభజింపబడలేదు కనుక, ఈ వ్యాసమున రెండు జిల్లాల భూభాగమును ఒక్కటిగనే గ్రహించితిమి.

ఈ సీమలో అధికభాగము లోతులేని ఎర్రనేల. లక్షలాది హెక్టార్లలో వర్షాధారముగ వేరుశనగ పండించు ఈ నేల వేసవియందు పైరులేక బయలుగ నుండును; జ్యేష్ఠ, ఆషాఢ, శ్రావణ మాసములలో నైరృతి దిక్కునుండి వీచు బలమైన గాలి, రామగిరి, కడవకల్లు ప్రాంతముల గాలిమరలను త్రిప్పు ఆ గాలియే, దుక్కిచేసిన చేలనుండి సన్నని మట్టిని లేపి ఇండ్లలోనికి, కార్యాలయములలోనికి, కంప్యూటరు పెట్టెలలోనికి చేర్చును. పడమటి సరిహద్దున హగరి నది వెంట కణేకల్లు, బొమ్మనహాళ్ మండలములలో ఇసుక దిబ్బలై పొలములమీదికి ప్రాకుచున్నది. తాడిపత్రిలో రాతి పలకలను కోసి నునుపుచేయు కర్మాగారముల పొడియు, సిమెంటు ధూళియు, రాయదుర్గములో జీన్సు దుస్తుల కుట్టుశాలలనుండి రేగు నూలుపీచును, వేరుశనగ కాయను ఒలుచు మిల్లుల పరిసరములలో పొట్టుదుమ్మును ఈ సహజధూళికి తోడగును. కావున ధూళి అన్నంత మాత్రమున ఈ సీమలో అన్నిచోట్ల అది ఒకే పదార్థము కాదు; ఎర్రమట్టి దులిపినంతనే రాలును, నూలుపీచు రెక్కల నడుమ అల్లుకొని పట్టుకొనును, రాతిపొడి మిక్కిలి సన్నమై ఫ్యాను ఇరుసులోనికి కూడ ప్రవేశించును.

కంప్యూటరు ఈ సీమకు మహానగరముల సొత్తుగ మిగిలిపోలేదు. 1946లో మద్రాసు గిండీలో ప్రారంభమై 1948లో అనంతపురమునకు తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాల నేడు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమై యున్నది. 1998లో రాష్ట్రమున రిజిస్ట్రేషను కార్యాలయములు కంప్యూటరీకరింపబడెను. 2011లో మీసేవ కేంద్రములు ఆరంభమాయెను. 2019 అక్టోబరు 2 నుండి గ్రామ, వార్డు సచివాలయములు ఏర్పడి, కంప్యూటరు మారుమూల పల్లెకు కూడ వచ్చినది. చల్లని గదిలో, వడకట్టిన గాలిలో పనిచేయునట్లు పెద్ద సంస్థల యంత్రములను ఉంచుదురు; పల్లె సచివాలయములోని యంత్రము మాత్రము తెరచిన కిటికీ ప్రక్కన, వీధి దుమ్ములో, 40 డిగ్రీలు దాటిన ఎండలో పనిచేయుచున్నది.

వేడి పుట్టుటయు, వెడలుటయు

ప్రాసెసరులోని ట్రాన్సిస్టర్లు ఒక స్థితినుండి మరియొక స్థితికి మారునప్పుడెల్ల కొంత విద్యుచ్ఛక్తి వేడిగ మారును. ఈ వేడి మార్పుల వేగమును బట్టియు, వోల్టేజి వర్గమును బట్టియు పెరుగును. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 ప్రాసెసరులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు మాత్రమే యుండుటచేత దానికి ప్రత్యేక శీతలీకరణమే అక్కరలేకపోయెను. 1993లో వచ్చిన పెంటియము సుమారు 15 వాట్ల వేడిని వెలువరించుచు ఫ్యానును కోరినది. నేటి సాధారణ డెస్క్‌టాపు ప్రాసెసర్లలో అనేకములకు 65 వాట్లు నిర్దిష్ట ప్రమాణము కాగా, శక్తిమంతములైనవి పూర్తిభారమున 200 వాట్లను కూడ మించుచున్నవి. ఇంత వేడి కొలది చదరపు సెంటీమీటర్ల సిలికాను పలకనుండి క్షణక్షణము వెడలిపోవలెను.

అది వెడలు మార్గము ఇట్టిది: సిలికాను పలకనుండి పైనున్న లోహపు మూతకును, మూతనుండి థర్మల్ పేస్టు ద్వారా హీట్‌సింకు అడుగునకును, అచ్చటినుండి వేడిగొట్టముల ద్వారా గాని నేరుగ గాని పలుచని రెక్కలకును, రెక్కలనుండి ఫ్యాను తోలు గాలికిని వేడి చేరును. వేడిగొట్టము లోపల స్వల్ప ద్రవమును గలిగి మూయబడిన రాగిగొట్టము. వేడికొనన ద్రవము ఆవిరియై, చల్లని కొనకు పోయి, తిరిగి ద్రవమై, లోపలి గోడల సూక్ష్మరంధ్రముల వెంట వెనుకకు వచ్చును. రెండు లోహతలములు కంటికి ఎంత నునుపుగ కనిపించినను వాని నడుమ సూక్ష్మమైన పల్లములు మిగులును. వానిలో గాలి నిలిచినచో వేడి సాగదు, ఏలయన రాగి ఉష్ణవాహకత్వము మీటరుకు, డిగ్రీకి సుమారు 400 వాట్లు కాగా గాలిది 0.026 వాట్లు మాత్రమే. ఆ గాలిని తొలగించి ఆ పల్లములను నింపుటకే పేస్టు. దాని వాహకత్వము లోహముకంటె చాల తక్కువ కనుక అది పలుచగ నుండుటయే గుణము, మందముగ పూయుట దోషము.

ఇక గమనింపవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. హీట్‌సింకు ఎంత గొప్పదైనను ప్రాసెసరును గదిగాలికంటె చల్లగ చేయజాలదు. గదిగాలికి మించి ఎన్ని డిగ్రీలు పెరుగునో అంతయే దాని చేతిలో నున్నది. ఒకానొక భారమున ప్రాసెసరు గదికంటె 45 డిగ్రీలు అధికముగ వేడెక్కుననుకొందము: 25 డిగ్రీల గదిలో అది 70 డిగ్రీలయందు సుఖముగ నుండును, వైశాఖమాసపు 42 డిగ్రీల గదిలో 87కు చేరును. ధూళి పట్టి మరి 13 డిగ్రీలు పెరిగినచో 100 అగును, అనగా అనేక ఇంటెల్ ప్రాసెసర్లకు నిర్ణయింపబడిన గరిష్ఠ పరిమితి. ఏఎండీ వారి రైజెన్ ప్రాసెసర్లలో పెక్కింటికి ఈ పరిమితి 95 డిగ్రీలే. పరిమితిని చేరిన ప్రాసెసరు తన్ను తాను రక్షించుకొనుటకై వేగమును తగ్గించుకొనును, అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రమును ఆర్పివేయును. చల్లని ప్రదేశములలో రెండుమూడేండ్ల ధూళి కలిగించు చిక్కును, ఈ సీమలో ఒక్క గాలికాలపు ధూళియే తరువాతి వేసవిలో కలిగించుటకు కారణమిదియే.

ధూళి చేయు హాని

ధూళి మొదట చేయు అపకారము గాలిని అడ్డుట. హీట్‌సింకు రెక్కల నడుమ దారి ఒకటి రెండు మిల్లీమీటర్లే కనుక, పీచు చిక్కుకొని, దానికి మట్టి అంటి, కొలది నెలలలో దట్టమైన పొర ఏర్పడును. ఫ్యాను ఎంత వేగముగ తిరిగినను గాలి లోనికి పోదు. రెండవది ఫ్యాను ఇరుసునకు కలుగు అరుగుదల. గరగర ధ్వని దీనికి తొలి సూచన. మూడవది తేమతో కూడినప్పటి హాని. ఎండినప్పుడు నిరపాయముగ కనిపించు మట్టిపొర, భాద్రపద, ఆశ్వయుజ మాసముల వర్షములలో గాలి తేమను పీల్చి, తనలోని లవణముల కారణమున మదర్‌బోర్డు మీద అల్పమైన విద్యుత్ప్రవాహమునకు దారి యిచ్చి, లోహపు కాళ్ళను తుప్పు పట్టించును. వంటింటి పోపు ఆవిరియు, అగరువత్తుల పొగయు తగులు గదులలో ధూళి జిడ్డై, గాలితో ఊదినను కదలక పోవును.

సన్నద్ధత

పని ఆరంభించుటకు ముందు ప్రాసెసరు ఉష్ణోగ్రతను, యంత్రము బయాస్ తెరమీద గాని, తగిన సాఫ్ట్‌వేరుతో గాని చూచి వ్రాసికొనవలెను. శుద్ధి ఫలించినదో లేదో చెప్పునది ఆ అంకెయే. పిమ్మట యంత్రమును క్రమముగ ఆర్పి, స్విచ్చి కట్టి, తీగను గోడనుండి ఊడదీసి, పవరు బటనును కొన్ని క్షణములు నొక్కిపట్టి మిగిలిన విద్యుత్తును వ్యయపరుపవలెను. విద్యుత్తును సరఫరా చేయు పెట్టెను, అనగా ఎస్‌ఎంపీఎస్‌ను, ఏ పరిస్థితియందును విప్పరాదు; 230 వోల్టుల గృహవిద్యుత్తు అందు సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగ మారి కెపాసిటర్లలో నిలుచును, తీగ తీసిన తరువాత కూడ కొంతకాలము ప్రాణాపాయకరముగ నుండవచ్చును.

స్థిరవిద్యుత్తు ఈ సీమలో ఉపేక్షింపరాని శత్రువు. గాలిలో తేమ తగ్గినకొలది మానవ శరీరముమీద ఆవేశము చెదరక నిలుచును. మాఘము మొదలు జ్యేష్ఠము వరకు ఇచ్చటి మధ్యాహ్నపు గాలి మిక్కిలి పొడిగ నుండును. వ్రేలికొనన చురుక్కుమను స్పర్శ తెలియుటకు సుమారు 3,000 వోల్టులు కావలయును. కొన్ని సూక్ష్మభాగములు చెడుటకు కొలదివందల వోల్టులే చాలును. అనగా తెలియకుండనే చెరచుట సాధ్యము. కావున పాలియెస్టరు వస్త్రములకు బదులు నూలు వస్త్రములు ధరించి, ప్లాస్టిక్ కుర్చీలను, తివాచీలను వర్జించి, మణికట్టునకు ఎర్తుపట్టీ కట్టుకొనుట మేలు. ఆ పట్టీలో మనుష్యుని రక్షణకై ఒక మెగోము నిరోధము అమరియుండును. దానిని తీసివేసి వట్టి తీగతో కట్టుకొనుట ప్రమాదము. పట్టీ లేనివారు పని నడుమ మాటిమాటికి క్యాబినెట్టు రంగులేని లోహభాగమును తాకుచుండవలెను. ఎండిన నేల విద్యుత్తును సరిగ ప్రసరింపనీయదు గనుక, వేసవిలో భవనపు ఎర్తుగుంటలో నీరు పోయుచుండుట ఇచ్చటి ఎలక్ట్రీషియన్లు ఎరిగిన మంచి అలవాటు. కంప్యూటర్లున్న కార్యాలయములు దానిని మరువరాదు.

కావలసిన వస్తువులు స్వల్పములు: స్క్రూడ్రైవరు, మెత్తని వెండ్రుకల బ్రష్షు, చేతి బ్లోయరు, పీచు వదలని గుడ్డ, 90 శాతమునకు మించిన ఐసోప్రొపైల్ ఆల్కహాలు, థర్మల్ పేస్టు, ముక్కునకు మాస్కు. రాతిపొడి చేరిన యంత్రమును ఊదునప్పుడు మాస్కు తప్పనిసరి. ఆ పొడిలోని సిలికా ఊపిరితిత్తులకు హాని చేయును.

శుద్ధి క్రమము

యంత్రమును గాలి ఎదురుగ కొట్టని వరండాలో బల్లమీద నుంచి ప్రక్కపలకను తీసి, ముందు బ్రష్షుతో వదులుచేసి, తరువాత బ్లోయరుతో లోపలినుండి వెలుపలికి ఊదవలెను. ఊదునంతసేపు ఫ్యాను రెక్కను వ్రేలితో కదలకుండ పట్టవలెను. పట్టనిచో అది తన పరిమితిని మించి తిరిగి ఇరుసు చెడుటయే గాక, మోటారు జనరేటరుగ మారి మదర్‌బోర్డులోనికి విద్యుత్తును పంపవచ్చును. ఎస్‌ఎంపీఎస్‌ను విప్పక, వెలుపలి జాలినుండియే ఊదవలెను. డబ్బాలో వచ్చు వాయువును ఉపయోగించువారు డబ్బాను నిలువుగనే పట్టవలెను. వంచినచో అతిశీతలమైన ద్రవము వెలువడును. వేసవి ఎండలో అట్టి డబ్బాను వాహనములో విడిచిపెట్టుట పేలుడునకు హేతువు.

అనేక సందర్భములలో ఇంతటితో పని ముగియును. ఊదిన తరువాత ఉష్ణోగ్రత తగినంత తగ్గినచో హీట్‌సింకును కదల్పనక్కరలేదు. ఒకసారి లేపిన పిమ్మట పాత పేస్టు పనికిరాదు గనుక, కొత్తపేస్టు చేతిలో లేనివారు లేపనే రాదు. ధూళి పోయినను వేడి తగ్గనిచో, లేక పేస్టు పూసి నాలుగైదేండ్లు గడచినచో మాత్రము హీట్‌సింకును విప్పవలెను.

విప్పుటకు ముందు యంత్రమును కొన్ని నిమిషములు నడిపి ఆర్పినచో గట్టిపడిన పేస్టు మెత్తబడును. ఫ్యాను తీగను దాని స్థానమునుండి తీసి, స్క్రూలను మూలకు మూలగ కొంచెము కొంచెము వదులుచేసి, హీట్‌సింకును ఇటునటు మెల్లగ త్రిప్పి, అతుకు వదలిన తరువాతనే పైకెత్తవలెను. కాళ్ళు ప్రాసెసరునకే ఉండు ఏఎండీ పాత తరగతులలో, ముఖ్యముగ ఏఎం4 సాకెట్టులో, తటాలున లాగినచో ప్రాసెసరు హీట్‌సింకుకు అంటి ఊడివచ్చి కాళ్ళు వంగును. ఇంటెల్ వారు 2004నుండియు, ఏఎండీ వారు 2022లో వచ్చిన ఏఎం5 నుండియు డెస్క్‌టాపు యంత్రములలో కాళ్ళను సాకెట్టులో నమర్చిరి. అచ్చట ప్రాసెసరును తీసినప్పుడు సాకెట్టులోని సన్నని స్ప్రింగుకాళ్ళను గుడ్డ గాని బ్రష్షు గాని తాకరాదు. శుద్ధికొరకు ప్రాసెసరును సాకెట్టునుండి తీయుట సాధారణముగ అనవసరము.

పాత పేస్టును మొదట పొడిగుడ్డతో తుడిచి, మిగిలినదానిని ఆల్కహాలుతో కొద్దిగ తడిపిన గుడ్డతో అంచులనుండి నడిమికి తుడువవలెను. అట్లు చేసినచో మురికి సాకెట్టులోనికి జారదు. ఆల్కహాలు సుమారు 12 డిగ్రీలకే మండదగిన ఆవిరిని వెలువరించును గనుక, 40 డిగ్రీల వేసవిలో దానిని బీడీ, పొయ్యి, దీపము దరిదాపులనుంచరాదు. కిటికీలు తెరచి, స్వల్ప పరిమాణమున మాత్రమే వాడవలెను. అది పూర్తిగ ఆరిన తరువాత ప్రాసెసరు మూత నడుమ కందిగింజంత పేస్టు నుంచి, పెద్ద మూతలకు కొంచెము హెచ్చుగ నుంచి, హీట్‌సింకును నిలువుగ దించి, స్క్రూలను మరల మూలకు మూలగ సమానముగ బిగింపవలెను. గాలియము కలిసిన ద్రవలోహపు లేపనము విద్యుద్వాహకమును, అల్యూమినియమును తినివేయునదియు కనుక సామాన్య యంత్రములకు తగదు. చివరకు ఫ్యాను తీగను తిరిగి అమర్చితిమో లేదో చూచి, యంత్రమును నడిపి, ఫ్యాను తిరుగుట కనులార చూచి, ఉష్ణోగ్రతను పూర్వపు అంకెతో పోల్చవలెను.

ల్యాప్‌టాపు

ల్యాప్‌టాపులో ఫ్యాను పలుచనిది, రెక్కల నడుమ ఎడము మరింత తక్కువ. ధూళి ఫ్యానుకును రెక్కలకును నడుమ లోపలివైపున పేరుకొనును. వెలుపలి రంధ్రమునుండి ఊదినచో అది వెనుకకు జరిగి మరియొకచోట చిక్కును కనుక, అడుగు పలకను విప్పి, అన్నింటికంటె ముందు బ్యాటరీ తీగను వేరుచేసి, ఫ్యానును పట్టుకొని శుద్ధి చేయవలెను. ఉబ్బిన బ్యాటరీ కనిపించినచో అంతటితో ఆపి నిపుణునికి అప్పగింపవలెను; దానిని గ్రుచ్చినను నొక్కినను మంట పుట్టవచ్చును.

వర్జ్యములు

పంక్చరు అంగడి కంప్రెసరు గాలి యందు నీటితుంపరలును నూనెయు కలిసియుండును, ఒత్తిడియు అధికము, అది తగదు. గృహోపయోగపు వాక్యూమ్ క్లీనరు ప్లాస్టిక్ మూతి స్థిరవిద్యుత్తును పుట్టించును. కిరోసినును, పెట్రోలును, పెయింటు థిన్నరును ప్లాస్టిక్ భాగములను చెరచి నిప్పునకు కారణమగును. చేతుల శానిటైజరులో ఉండు ఇతర పదార్థములు తలముమీద పొరగ మిగులును. ఈ సీమలోని బోరునీరు లవణములతోను, పలుచోట్ల ఫ్లోరైడుతోను కూడినది. అది ఆరినచోట తెల్లని మరక మిగులును. ఫ్యాను తీసివేసిన వట్టి లోహపు హీట్‌సింకును కడుగవలసివచ్చినచో డిస్టిల్డు నీటితో కడిగి, పూర్తిగ ఆరిన పిమ్మటనే అమర్చవలెను. వేసవిలో వాడు ఎయిర్ కూలరును కంప్యూటరునకు ఎదురుగ నుంచరాదు. దాని తుంపరలతో అదే లవణము లోపలికి చేరును.

కాలనిర్ణయము, నివారణము

ఈ సీమకు తగిన శుద్ధికాలములు రెండు. గాలికాలము ముగిసి వర్షములు బలపడుటకు ముందు, అనగా శ్రావణ భాద్రపదముల సంధియందు, ఎండిన ధూళిని తడి తగులక మునుపే తొలగించుట మొదటిది. మాఘ ఫాల్గుణములలో, వేరుశనగ నూర్పిళ్ళ దుమ్ము అణగిన తరువాత, వేసవికి పూర్వము చేయుట రెండవది. తాడిపత్రి, రాయదుర్గముల కర్మాగారములలోను, హగరి ఇసుకసీమలోను మూడునెలల కొకసారి పరీక్షింపవలెను. వర్షములు రాకమునుపే చెరువు పూడిక తీయు ఈ సీమ రైతునకు, పని కంటె పనికి తగిన కాలము ముఖ్యమను న్యాయము క్రొత్తగ చెప్పనక్కరలేదు.

నివారణము శుద్ధికంటె సులభము. యంత్రమును నేలమీదగాక జానెడెత్తు పీటమీద నుంచుట, గాలి లోనికి పోవు చోట ఉతుకదగిన నైలాను జాలి అమర్చుట, వెలుపలికి తోలు గాలికంటె లోనికి తోలు గాలి అధికముగ నుండునట్లు ఫ్యానులను అమర్చి సందులగుండ ధూళి దూరకుండ చేయుట, గది ఊడ్చునప్పుడు యంత్రమును ఆర్పి, చీపురుకు బదులు తడిగుడ్డ వాడుట, వెనుకవైపు గోడకు జానెడు ఎడము విడుచుట అను ఈ చిన్న పనులు శుద్ధికి శుద్ధికి నడుమ కాలమును పొడిగించును. జాలిని మాత్రము తరచు దులుపవలెను. దుమ్ము నిండిన జాలి, జాలి లేమికంటె కీడు.

ప్రాముఖ్యము

వేడి తగ్గినకొలది యంత్రపు ఆయువు పెరుగును. మదర్‌బోర్డుమీది ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ల విషయమున, ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకు ఆయువు సుమారు రెండింతలగునని ఇంజనీర్ల స్థూలగణన. పింఛను, భూమిహక్కు, పంటబీమా, రేషనుకార్డు మొదలగు వ్యవహారములన్నియు నేడు గ్రామములోని ఒకటిరెండు యంత్రముల ద్వారా నడచుచున్నవి. ఏప్రిల్ మధ్యాహ్నమున ఆ యంత్రము ఆగిపోయినచో దూరపు పల్లెనుండి కూలి మానుకొని వచ్చిన మనుష్యుడు ఆ దినపు సంపాదనను కోల్పోవును. క్రొత్త యంత్రము కొనుట తేలికకాని సీమలో పాతదానిని నిలుపుకొనుట ధనరక్షణము. పారవేయబడు విద్యుత్పరికరముల వ్యర్థము తగ్గుట నేలకు నీటికి రక్షణము. కనుక ప్రతి కార్యాలయమున ఈ పనికి ఒక వ్యక్తిని నియమించి, శుద్ధి చేసిన తేదిని, ముందు వెనుకల ఉష్ణోగ్రతలను, పేస్టు మార్చిన సంవత్సరమును ఒక పుస్తకములో వ్రాయించుట మంచిది. అట్లు వ్రాసిన రెండు మూడేండ్ల లెక్కను చూచినచో, తమ ఊరి గాలికి, తమ గది వేడికి ఎంతకాలమున కొకసారి శుద్ధి చాలునో ఆ కార్యాలయమే నిర్ణయించుకొనగలదు.